మజరా మోటురావుపల్లి

ఉద్యోగి అనేవాడు ఎక్కడున్నాడో ప్రభుత్వానికి ఎల్లవేళలా తెలిసి ఉండాలని ఆ ఏడాది ఉగాదికి ముందు ఒక ఉత్తర్వు వచ్చింది. ఏం చేస్తున్నాడో తెలియకపోయినా ఫరవాలేదు, ఎక్కడున్నాడో తెలియాలి. అందుకోసం 'ఉనికి' అని ఒక పోర్టల్ తయారు చేశారు. హెడ్‌క్వార్టర్సు దాటదలచిన ప్రతి ఉద్యోగీ తాను వెళ్ళే జిల్లా, మండలం, గ్రామం అందులో నింపి, అనుమతి వచ్చాకగానీ బస్సెక్కకూడదు. బడిపంతుళ్ళను మాత్రం వచ్చే ఏడాది చేర్చుకుంటామని చివర్లో ఒక వాక్యం రాశారు.

ఉత్తర్వు వచ్చిన మూడో రోజున, గుండ్లబయలు మండలాభివృద్ధి కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా పనిచేసే ఎర్రిస్వామి ఇంటికి లక్కీడ్రాలో మొదటి బహుమతి వచ్చింది. ఆయన భార్య పంపావతి మిక్సీ కొన్నప్పుడు షాపువాళ్ళు పెట్టెలో వేయించుకున్న చీటీ అది. బహుమతి ఏమిటంటే, పసిఫిక్ మహాసముద్రం మధ్యన పోలినీసియాలో 'మోటు రావు' అనే చిన్న దీవిలో ఇద్దరికి ఎనిమిది రోజుల విహారం, విమానం టికెట్లతో సహా. మే నెలాఖరులోగా బయలుదేరాలి. అక్కడి భాషలో మోటు అంటే చిన్న దీవి అని షాపువాళ్ళ కరపత్రంలోనే వేశారు. రెండో బహుమతి కుక్కరు. కుక్కరు వచ్చి ఉంటే ఆ దంపతులు ఈపాటికి అందులో పప్పు ఉడకేసుకుని సుఖంగా ఉండేవాళ్ళు.

పంపావతి ఊళ్ళోని హైస్కూల్లో సాంఘికశాస్త్రం టీచరు. ఇరవై రెండేళ్ళుగా ఏడో తరగతి పిల్లలకు బోర్డు మీద పగడపు దీవి బొమ్మ వేస్తోంది. తెల్ల సుద్దతో ఉంగరంలాంటి నేల, నీలం సుద్దతో లోపల మడుగు, చుట్టూ సముద్రం. నీలం సుద్ద డబ్బాలో ఒక్కటే వస్తుంది కాబట్టి దాన్ని వేరే పాఠానికి వాడనిచ్చేది కాదు. అంత చేసీ ఆమె పగడపు దీవి మాట అటుంచి, సముద్రాన్నే చూడలేదు. పెళ్ళైనప్పటి నుంచీ ప్రయాణం పెట్టుకున్నప్పుడల్లా ఎర్రిస్వామి ఆఫీసుకు ఏదో ఒకటి వచ్చిపడేది. ఒకసారి ఎన్నికలు, ఒకసారి జనాభా లెక్కలు, ఒకసారి పశుగణన. పశుగణన ఏడాది సర్దిన పెట్టె గొర్రెల లెక్క తేలేదాకా నడవలోనే ఉండిపోయింది.

"ఈసారి గొర్రెలొచ్చినా, ఓట్లొచ్చినా పోవాల్సిందే. నాకు యాభై దాటినాయి. చూడంది చూసినట్టు ఇంకెన్నేండ్లు చెప్పేది పిల్లోళ్ళకు?" అంది పంపావతి.

"పోదాం లే పంపా. నాకు మాత్రం ఆశ లేదా?" అన్నాడు ఎర్రిస్వామి. ఆయనకు నిజంగానే ఆశ ఉంది. మంచి మనిషి, భార్య అంటే ప్రాణం. ఉన్న బలహీనతల్లా ఒకటే, ఫారంలో గడి ఖాళీగా కనబడితే ఆయనకు అన్నం సయించదు. ఇరవై ఏడేళ్ళ సర్వీసులో ఒక్క గడి ఖాళీగా వదల్లేదని ఆయనకు జిల్లా అంతా పేరు.

పాస్‌పోర్టులు మూడు వారాల్లో వచ్చేశాయి. అది వేరే ఆఫీసు. గుండ్లబయలులో 'ఉనికి' తెరిచేసరికి అసలు చిక్కు బయటపడింది. జిల్లా గడిలో మన జిల్లాలే ఉన్నాయి, మండలం గడిలో మన మండలాలే ఉన్నాయి. విదేశం అనే గడి ఎక్కడా లేదు.

కంప్యూటర్ ఆపరేటర్ షమీమ్ పైకీ కిందకీ రెండుసార్లు వెతికింది. "లేదు సార్. ఈ పోర్టల్ ప్రకారం మన రాష్ట్రం అయిపోతే ప్రపంచం అయిపోయినట్టే."

ఇద్దరూ కలిసి మండలాభివృద్ధి అధికారి చక్రపాణి గారి దగ్గరకు వెళ్ళారు. చక్రపాణి గారు ఏ మాటా తొందరపడి అనరు. అన్నాక దానికి నెంబరు వేసి ఫైల్లో పెట్టించుకుంటారు. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని సెలవిచ్చారు.

"ఎర్రిస్వామి గారూ, విదేశము అను గడి లేకపోవుటను మనము ఏ విధముగా అర్థము చేసుకొనవలెను? విదేశము లేదని కాదు. పోరాదని కూడా కాదు. అట్లయిన స్పష్టముగా నిషేధించి యుండెడివారు. కావున, ఉద్యోగి పోదలచిన ఏ స్థలమైనను ఏదో యొక మండలమునకు చెందియుండవలెనని ప్రభుత్వ ఉద్దేశము. తమరు పోవు స్థలము ఏ మండలమునకు చెందినది?"

"ఏ మండలానికీ చెందదు సార్. సముద్రంలో ఉండాది."

"చెందనప్పుడు చేర్చుకొనుటకు మనకు అధికారము కలదు. కొత్త మజరాను నమోదు చేయండి."

పెద్ద ఊరికి అనుబంధంగా ఉండే చిన్నపల్లెను ఆ జిల్లాలో మజరా అంటారు. షమీమ్ కొత్త మజరా పేజీ తెరిచింది. పేరు గడిలో 'మోటు రావు' అని కొడితే పోర్టల్ ఎర్రబడింది. ఊరి పేరు చివర పల్లి, పురం, పాలెం, దొడ్డి వీటిలో ఏదో ఒకటి ఎంచుకోవాలట.

"దొడ్డి బాగుండదేమో సార్, మేడమ్ గారు కూడా పోతాండారు కదా," అంది షమీమ్. పల్లి అని ఖాయం చేశారు. ప్రధాన గ్రామం నుంచి దూరం గడిలో పదమూడు వేల కిలోమీటర్లు పట్టలేదు. మజరా ఎనిమిది కిలోమీటర్లకు మించి ఉండరాదని నిబంధన. ఎనిమిది అని కొట్టారు. అక్షాంశ రేఖాంశాల గడుల్లో మాత్రం కరపత్రంలో ఉన్నవే ఎక్కించారు, వాటికి పోర్టల్ అభ్యంతరం పెట్టలేదు. దారి గడిలో మట్టిరోడ్డు, తారురోడ్డు, కాలిబాట ఉన్నాయి. చాలాసేపు ఆలోచించి ఎర్రిస్వామి కాలిబాట అన్నాడు. ఆ విధంగా ఒక మంగళవారం మధ్యాహ్నం పసిఫిక్ మహాసముద్రంలోంచి ఒక దీవి లేచి వచ్చి, గుండ్లబయలు మండలంలో పన్నెండో పల్లెగా కూర్చుంది.

'మోటురావుపల్లి వెళ్ళుటకు ఎర్రిస్వామి దరఖాస్తు పరిశీలనలో ఉంది' అని పోర్టల్ చెప్పింది. ఆ సాయంత్రం పంపావతి పెట్టె కిందకు దించింది.

అనుమతి మాత్రం రాలేదు. దానికి ముందే టార్గెట్లు వచ్చాయి. జిల్లాలో కొత్తగా ఒక పల్లె పుట్టిందని ఈ పోర్టల్ మిగతా పోర్టళ్ళన్నిటికీ చెప్పుకుంది కాబోలు, వారం తిరిగేలోగా మోటురావుపల్లికి కుళాయిలు నలభై, మరుగుదొడ్లు అరవై, మొక్కలు రెండు వందలు కేటాయించారు. ఈ ఊరికి పేరు తెచ్చిన మోటురావు గారి జీవిత విశేషాలు ఒక పేజీకి మించకుండా పంపితే విగ్రహం సంగతి పరిశీలిస్తామని సాంస్కృతిక విభాగం రాసింది. ఎర్రిస్వామి ఆ గడి కూడా ఖాళీగా వదల్లేక, 'నిరాడంబరుడు, ప్రచారానికి దూరం' అని రాసి పంపాడు.

నెల సమీక్షా సమావేశంలో జిల్లా అధికారి గోడమీది తెర చూపించి అడిగారు. పల్లెలన్నీ పచ్చగానో పసుపుగానో ఉన్నాయి. ఒక్క మోటురావుపల్లి మాత్రం కుంకుమబొట్టంత ఎర్రగా ఉంది.

"గుండ్లబయలు! ఈ మోటురావుపల్లిలో ప్రగతి సున్నా. కారణం?"

చక్రపాణి గారు లేచారు. ఆ ఊరు లేదని చెప్పవచ్చు. చెబితే లేని ఊరును ఎవరు చేర్చారనే ప్రశ్న వస్తుంది. "సదరు గ్రామమునకు చుట్టును నీరు చేరియున్నందున సిబ్బంది రాకపోకలకు అంతరాయము కలుగుచున్నది," అని మనవి చేశారు.

"మీ మండలంలో నీళ్ళా?" అని జిల్లా అధికారి ఆశ్చర్యపోయారు. "సాకులు చెప్పొద్దు. ఆ ఊరికి బాధ్యుడు ఎవరు?"

ఆ ఊరి గురించి ఆఫీసులో తెలిసిన మనిషి ఒక్కడే. మరునాడు ఎర్రిస్వామిని మోటురావుపల్లికి ఇన్‌ఛార్జి అధికారిగా వేశారు. ఎర్రరంగులో ఉన్న ఊళ్ళ ఇన్‌ఛార్జులకు రంగు మారేదాకా సెలవులు లేవని అదే ఉత్తర్వులో రెండో పేరా. పోవాలనుకున్న ఊరికే అధికారి కావడంతో ఆ ఊరికి పోయే దారి మూసుకుపోయింది.

"అంటే ఏమి? ఆ ఊర్లో పని చూడమన్నారు కదా, పనిమీదనే పోదాం పదండి," అంది పంపావతి.

ఎర్రిస్వామికి కూడా ఆ ఆలోచన వచ్చింది. మర్నాడు వెళ్ళి అడిగాడు. చక్రపాణి గారు రికార్డు తెప్పించి చూశారు.

"దూరము ఎనిమిది కిలోమీటర్లు. కాలిబాట. ఉదయము పోయి సాయంత్రమునకు తిరిగి రావలెను. రాత్రి బసకు గానీ, కుటుంబ సభ్యులను వెంట తీసుకొనిపోవుటకు గానీ అవకాశము లేదు. ఆఫీసు సైకిలు వాడుకొనవచ్చును."

"సైకిల్ ఎట్ల పోతుంది సార్?"

"గాలి కొట్టించుకొనవలెను."

ఎర్రిస్వామి ఇక రంగు మార్చే పనిలో పడ్డాడు. జనాభా గడి పక్కన నక్షత్రం గుర్తు ఉంది, అంటే తప్పనిసరిగా నింపాలని. అది నిండితే మిగిలినవన్నీ 'పనులు పురోగతిలో ఉన్నవి' అని వాటంతట అవే చూపించుకుంటాయి. కానీ ఆ గడిలో కరపత్రంలోని అంకె చెల్లదు, స్థానికంగా విచారించినట్లు రుజువుతో నింపాలి. రోజూ ఉదయం వచ్చి ఆ ఖాళీ గడి ముందు కూర్చునేవాడు. ఇంటికొచ్చాక అన్నం కలుపుతూ "ఎన్ని కుటుంబాలు ఉంటాయంటావు పంపా?" అనేవాడు. మొదట్లో ఆమె ఉత్సాహంగా చెప్పేది. ఇండ్లు తాటాకులవో కొబ్బరాకులవో, మడుగులో చేపలు ఎట్లా పడతారో, వాన ఎంత కురుస్తుందో. ఆయన వింటూ వింటూ మరుగుదొడ్ల దగ్గర ఆపి ఎన్నని అడిగేవాడు. కొన్నాళ్ళకు ఆమె చెప్పడం మానేసింది.

ఇంతలో వాన వచ్చింది. గుండ్లబయల్లో కాదు, మోటు రావులో. గుండ్లబయలు మండలం పదకొండు పల్లెల్లోనూ ఆ నెల సగటున తొమ్మిది మిల్లీమీటర్లు పడింది, అంటే దుమ్ము అణిగేంత. పన్నెండో పల్లెలో ఎనిమిది వందల నలభై పడింది. ఆ అంకెను ఉపగ్రహం నుంచి పోర్టలే తెచ్చుకుంది. పన్నెండింటినీ కలిపి భాగిస్తే మండలానికి డెబ్బై ఎనిమిది. గుండ్లబయలును కరువు మండలాల జాబితాలోంచి తీసి అతివృష్టి మండలాల్లో వేశారు. పశువుల గడ్డి కేంద్రం మూసేశారు. దాని బదులు ఒక లారీలో నాలుగు రబ్బరు పడవలు వచ్చాయి.

కుళ్లాయప్ప అనే రైతు ఆ పడవల్ని చుట్టూ తిరిగి చూసి, నేరుగా ఎర్రిస్వామి బల్ల దగ్గరకు వచ్చాడు.

"ఏం సామీ, చెరువులో కప్ప తడిసేటన్ని నీళ్ళు లేవు, పడవలు యాంటికి? నా ఎద్దులకు గడ్డి అడిగితే వరద మండలమంటాండారు. యాడప్పా వరద? సూపిస్తే ఎద్దుల్ని ఆడికే తోలుకపోతా."

"మోటురావుపల్లిలో కురిసింది కుళ్లాయప్పా."

"ఆ ఊరు యాడుంది?"

"ఎనిమిది కిలోమీటర్లు."

"యా దిక్కు?"

ఎర్రిస్వామి కిటికీలోంచి నాలుగు దిక్కులూ చూశాడు. ఎటు చూసినా రాతిగుండ్లే. ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. లేచి చక్రపాణి గారి గదిలోకి పోయి, ఆ ఊరిని తీసేద్దామని, కావాలంటే తప్పు తనదేనని రాసిస్తానని చెప్పాడు.

చక్రపాణి గారు సానుభూతితోనే విన్నారు. "గ్రామమును చేర్చుటకు మీటల పని చాలును. తొలగించుటకు గ్రామసభ కావలెను. సదరు గ్రామస్తులలో మూడింట రెండు వంతుల మంది సమావేశమై, తమ గ్రామము లేదని ఏకగ్రీవముగా తీర్మానించి, సంతకములు చేసి పంపవలెను. సభకు ఇన్‌ఛార్జి అధికారి స్వయముగా హాజరు కావలెను. ఉదయము పోయి..."

"సాయంత్రానికి రావాల," అన్నాడు ఎర్రిస్వామి.

మే నెల ఇరవయ్యో తేదీ వచ్చింది. షాపువాళ్ళు ఫోను చేసి, ఒకరు ముందు పోయినా ఫరవాలేదు, రెండో టికెట్టు మాత్రం నెలాఖరు దాకానే చెల్లుతుందన్నారు. పంపావతి హెడ్‌మిస్ట్రెస్‌కు తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు రాసిచ్చింది. ఆవిడ "ఫొటోలు పంపు పంపావతీ" అని కింద సంతకం చేసింది.

"నేను పోతాండా," అంది పంపావతి ఆ సాయంత్రం. "కోపంతో కాదు. మీరు రంగు మార్చుకోని రండి. ఇంకా పది దినాలుంది."

"ఒక్కదానివే ఎట్ల పోతావు అంత దూరం?"

"ఎనిమిది కిలోమీటర్లే కదా."

ఆయన నవ్వాడు, ఆమె నవ్వలేదు. బస్టాండు దాకా పెట్టె మోసుకుపోయాడు. బస్సు కదిలేటప్పుడు కిటికీ దగ్గరకు పరుగెత్తి ఏదో అరిచాడు. జాగ్రత్త అన్నాడనుకుని ఆమె చెయ్యి ఊపింది. ఆయన అన్నది 'జనాభా' అని.

నాలుగు రోజుల తర్వాత పొద్దున పదిగంటలకు, ఎర్రిస్వామి ఆఫీసులో కూర్చుని ఉండగా ఫోను మోగింది. తెరమీద పంపావతి ముఖం కనిపించింది. గాలికి జుట్టంతా రేగి ఉంది. వెనకాల ఆకాశం నారింజరంగులో ఉంది.

"మాకు ఇంకా నిన్నటి సాయంకాలమే," అంది ఆమె.  "చూడండి, ఇదే. నేను బోర్డుమీద వేసేది ఇదే. అచ్చం అట్లనే ఉండాది గానీ రంగు నేను వేసేది కాదు. నీలం కాదు ఇది, దీనికి నాకు పేరు తెలీదు. ఇన్నేండ్లు పిల్లోళ్ళకు తప్పు రంగు చూపించినా." ఆమె ఏడుస్తోంది, నవ్వుతోంది. ఫోనును అటు తిప్పింది. మడుగు మీద చివరి వెలుగు పడి ఉంది. ఎవరో ఇద్దరు ఆడవాళ్ళు మోకాలిలోతు నీళ్ళలో నిలబడి ఆమెను రమ్మని పిలుస్తున్నారు.

ఎర్రిస్వామికి గుండె నిండిపోయింది. ఇంత సంతోషం ఆమె ముఖంలో పెళ్ళైన తర్వాత ఆయన చూడలేదు. ఏదైనా అనాలనుకున్నాడు. ఎదురుగా కంప్యూటర్ తెరిచి ఉంది, దాంట్లో గడి ఖాళీగా ఉంది.

"పంపా," అన్నాడు, "జనాభా ఎంతో కనుక్కున్నావా?"

ఫోను కాసేపు మడుగు వైపే ఉండిపోయింది. తర్వాత మెల్లగా ఆమె ముఖం వచ్చింది.

"కనుక్కున్నా. నాలుగు వందల పన్నెండు," అంది. "నన్ను గూడా కలిపి రాసుకోండి."

ఆయన నాలుగు వందల పదమూడు అని కొట్టాడు. రుజువు కింద ఆ ఫోను నెంబరు వేశాడు. పోర్టల్ తీసుకుంది. తీసుకుని, అందులో స్థానికులెందరని అడిగి, ఆ లెక్కకు ఒకరు ఎక్కువయ్యారు కాబట్టి కారణం అడిగింది. జననం, వివాహం, వలస. ఆయన వలస ఎంచుకున్నాడు. వెంటనే కింద ఇంకో గడి తెరుచుకుంది.

"తాత్కాలికమా, శాశ్వతమా అంటాంది పంపా."

"అది మీరు వచ్చేదాన్ని బట్టి. ఇంకా ఆరు దినాలుంది. పెట్టె కూడా వద్దు. ఆ అనుమతీ వద్దు, ఏమీ వద్దు, లేచి బస్సెక్కండి. వస్తారా?"

ఎర్రిస్వామి కుర్చీలోంచి సగం లేచాడు. అది షమీమ్ చూసింది, తర్వాత అందరికీ చెప్పింది కూడా. సగం లేచి, గోడమీది క్యాలెండరు వైపు చూసి, మళ్ళీ కూర్చున్నాడు.

"రేపు జిల్లా సమీక్ష ఉండాది పంపా," అన్నాడు.

 ఆమె వెనకాల చీకటి పడుతోంది. నీళ్ళలోని ఆడవాళ్ళు మళ్ళీ పిలిచారు.

"సరే," అంది చివరకు, కోపం ఏమీ లేకుండా, క్లాసులో పిల్లవాడికి జవాబు చెప్పినట్టు. "శాశ్వతమని రాసుకోండి."

ఫోను ఆగిపోయింది. గడి పక్కన నక్షత్రం గుర్తు ఉంది. ఎర్రిస్వామి చాలాసేపు చూశాడు. ఇరవై ఏడేళ్ళలో ఏ గడి ముందూ ఆయన అంతసేపు కూర్చోలేదు. తర్వాత నింపాడు.

మరునాడు సమీక్షలో మోటురావుపల్లి పచ్చగా ఉంది. చుట్టూ నీళ్ళు చేరిన ఊళ్ళో, స్థానికంగా విచారించి, వలస వివరాలతో సహా నింపిన ఏకైక అధికారి అని జిల్లా అధికారి ఎర్రిస్వామిని లేపి నిలబెట్టి, అందరిచేతా చప్పట్లు కొట్టించారు. ఇంత క్లిష్టమైన సమాచారం ఎట్లా సేకరించారో రెండు మాటల్లో చెప్పమన్నారు. ఎర్రిస్వామి నోరు తెరిచాడు గానీ మాట రాలేదు. వినయం కాబోలు అనుకుని మళ్ళీ చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాక కూర్చోమన్నారు. ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు.